కాపరి మాట: చలికాలానికి ముందే బయలుదేరండి

ధ్యానభాగం: అపొ. కార్యములు 27:1–12; 2 తిమోతి 4:9–21



సోంపేట ప్రాంతం నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు: "అయ్యగారూ, మా పెద్దబ్బాయి అండమాన్‌లో తాపీపని చేస్తున్నాడు. మనవరాలు పుట్టి రెండేళ్లయింది, ఇంకా చూడలేదు. అందరం విమానంలో వెళ్లే స్తోమత లేదు. ఓడ మీద వెళ్లవచ్చునా? భయంగా ఉంది."

ఈ ప్రశ్న మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉన్నది. మన తీరం నుండి ఎందరో ఆ ద్వీపాలకు పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

అమ్మా, తప్పక వెళ్లవచ్చును. పోర్టు బ్లెయిరుకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు. విశాఖపట్నం నుండి అక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో సుమారు 56 గంటల ప్రయాణం. కోల్‌కతా, చెన్నై రేవుల నుండి ఓడలు ఎక్కువ, విశాఖ నుండి తక్కువ. కాబట్టి ముందుగా విచారించుకోండి. గుర్తింపు కార్డు లేనిదే టికెట్టు ఇవ్వరు. అన్నిటికంటే చవక బంకు తరగతి: ఒకే పెద్ద గదిలో వరుసగా పైనా కిందా పడకలు ఉంటాయి. పెద్దవారికి కింది పడక అడగండి. భోజనం ఓడలోనే దొరుకుతుంది. అయినా అటుకులు, జంతికలు, నిమ్మకాయలు, ఒక దుప్పటి వెంట ఉంచుకోండి. కడుపులో తిప్పుతుంది గనుక డాక్టరుగారిని అడిగి మాత్రలు తెచ్చుకోండి.

ఇవన్నీ సులువే. కష్టమైనది తేదీ. ఓడ రైలువలె గంట కొట్టినట్టు బయలుదేరదు. 2016 ఫిబ్రవరిలో మేము, మా యింటివారు వెళ్లినప్పుడు, పెట్టె బేడాతో విశాఖ చేరాక ఓడ నాలుగు రోజులు ఆలస్యమన్నారు. లాడ్జీ ఖర్చుకు తెచ్చిన డబ్బులో సగం అయిపోయింది. ఎవరి మీదనో కోపగించుకున్నాము. చివరికి తప్పు మాదేనని తెలిసింది. ఎదురు చూచుటకు రోజులు గాని రూకలు గాని మేము ప్రత్యేకించి ఉంచుకోలేదు. మీరు అటు ఒక వారం, ఇటు ఒక వారం విడిచిపెట్టి లెక్క వేసుకోండి. పెళ్లి ముహూర్తం రేపనగా ఓడ ఎక్కవద్దు.

కాలం కూడా చూడండి. పౌలు ఎక్కిన ఓడ క్రేతు ద్వీపంలో మంచిరేవులు అనే చోటికి చేరేసరికి ఉపవాస దినం గడిచిపోయింది. అది మన లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వస్తుంది. ఇక ప్రయాణం అపాయమని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి ఆయన మాట కాదని, నావికుని మాట విన్నాడు. తరువాత జరిగినది మీకు తెలిసినదే. ఆ నెలల సంగతి మనకు వేరే చెప్పాలా? హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 8న అండమాన్ మీదుగా దాటి, 12న విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. జనవరి నుండి మార్చి వరకు సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అప్పుడు వెళ్లండి.

అయితే ఓడను ఆపే గాలి ఒకటి, మనలను ఆపే గాలి మరొకటి. ఆ ద్వీపంలో మా అన్నయ్య ఉన్నారు. నాన్నగారి కొబ్బరితోట పంపకాల దగ్గర మాటామాటా వచ్చి, పదకొండేళ్లు మేము ఒకరికొకరు ఉత్తరం వ్రాసుకోలేదు. సమాధానపడుడని ప్రతి ఆదివారం ప్రసంగించే మేమే! "ఈ క్రిస్మస్ కానీ," "గుడి కప్పు వేయనీ," "కోతలు అవనీ" అని వాయిదా వేశాము. చివరికి మా యింటివారే, "మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను" అన్నారు.

హద్దో రేవులో ఓడ దిగి, వదినగారి చెయ్యి పట్టుకొని నిలబడిన అన్నయ్యను చూశాము. దగ్గరకు వెళ్లి ఎదుట నిలిచినా ఆయన మమ్మును గుర్తుపట్టలేదు. చక్కెర జబ్బు వలన చూపు పోయిందని అప్పుడే తెలిసింది. "ఎవులది?" అన్నారు. మేము పలికేసరికి ముఖం తడిమి చూసి, "తమ్ముడా, ఇన్నాళ్లకి వచ్చినావేటిరా?" అని ఏడ్చారు. క్షమాపణ చెప్పుకున్నాము, ఆయనా చెప్పారు. ప్రభువుకు స్తోత్రం. గాని మేము ఇంకొంచెం ముందుగా వెళ్లి ఉంటే ఆయన మమ్మును కళ్లారా చూసేవారు. ఆ లోటు ఇక తీరదు.

చెరసాలలో ఉన్న పౌలు తిమోతిని చలికాలం రాకమునుపే రమ్మని వేడుకున్నాడు. చలికాలంలో ఆ సముద్రం మీద ఓడలు నడిచేవి కావు. వసంతం వరకు తాను బ్రతికి ఉంటాడో లేదో పౌలుకు తెలియదు.

కాబట్టి అమ్మా, అబ్బాయికి ఈ రాత్రే ఫోను చేయండి. ఓడ తేదీ దేవుని చేతిలోను, ఓడవారి చేతిలోను ఉన్నది. బయలుదేరాలనే తీర్మానం మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఈ మాసపత్రిక చదువుచున్న వారిలో ఎవరింటనైనా మాటలు ఆగిపోయిన అన్నదమ్ములుంటే, వారికీ ఇదే మా మనవి.

ప్రార్థన: ప్రభువా, మా వాయిదాలను క్షమించుము. దూరముననున్న మా వారిని కాపాడుము. ఆలస్యము కాకమునుపే మమ్మును లేపి నడిపించుము. ఆమెన్.