సరస్సు అడుగున ఊరు లేదు

జార్జియాలో వేసవి ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవడానికి పంచాంగం అక్కరలేదు. మే నెల చివరి సోమవారం వచ్చేసరికి కాలనీ ఈతకొలను తాళం తీస్తారు. సెప్టెంబరు మొదటి సోమవారం దాటాక మళ్ళీ వేస్తారు. ఆ రెంటి మధ్యా ఉన్నదే వేసవి. ఆగస్టు మొదట్లోనే బడులు తెరుస్తారు గనుక పిల్లల లెక్కలో అది ఇంకా చిన్నది.

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న మా ఫోర్సైత్ కౌంటీలో ఈ కాలం తెలుగువాడికి ఏమంత కొత్తగా ఉండదు. అదే ఉక్క, అదే జిడ్డు చెమట. సాయంత్రం ఉన్నట్టుండి ఉరిమి ఒక వాన, అరగంటలో మళ్ళీ ఎండ. చీకటి పడితే చెట్లనిండా పురుగుల రొద. రోడ్డు పక్కన పీచు పళ్ళ బుట్టలు, వాటి పక్కనే ఉప్పునీళ్ళలో ఉడుకుతున్న వేరుశెనగకాయలు. ఈ కాయలను ఉడకబెట్టి తినే మరో జాతి ఉందని తెలిసిననాడు నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. ఇక్కడివారు చల్లటి టీలో పోసే పంచదార చూస్తే మన శ్రీరామనవమి పానకం చిన్నబోతుంది. ముక్కూమొహం తెలియనివాడు కూడా వాకిట్లో కుర్చీలోంచి చెయ్యెత్తి పలకరిస్తాడు. మనవాళ్ళు కూడా ఈ వేసవిలో చక్కగా ఇమిడిపోయారు. శనివారం క్రికెట్టు, పెరటి చెక్క అరుగు మీద ఎండబెట్టిన మాగాయ ముక్కలు, ఊరి నుంచి వచ్చి సాయంత్రం పూట కాలనీ చుట్టూ నడిచే అమ్మమ్మలూ తాతయ్యలూ. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో ఉన్నది సుమారు రెండున్నర లక్షలమంది. అందులో ఆసియా మూలాలవారు దాదాపు పద్దెనిమిది శాతం. తెలుగు మాట చెవిన పడకుండా కిరాణాకొట్టు దాటి రావడం కష్టం.

ఈ వేసవికంతటికీ కేంద్రం లేక్ లేనియర్. చట్టహూచీ నదికి అడ్డంగా 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టినప్పుడు ఏర్పడిన సరస్సు ఇది. పడవలు, చేపలు, ఒడ్డున మాంసం కాల్చుకునే పొయ్యిలు, జులై 4 బాణసంచా. వీటితోపాటు ఒక దయ్యం కథ కూడా మనవాళ్ళ ఫోనుల్లో ఏటా తిరుగుతూ ఉంటుంది. సరస్సు అడుగున నల్లవారి ఊరు ఒకటి మునిగి ఉందనీ, ఆ ఊరివాళ్ళే ఈతకు దిగినవారిని కాళ్ళు పట్టి లాగుతారనీ దాని సారాంశం. ఊరి పేరు ఆస్కార్‌విల్ అని కూడా చెబుతారు. పిల్లలు దీన్ని కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

నా అభ్యంతరమంతా ఈ కథ మీదనే. ఇది మూఢనమ్మకమన్నందుకు కాదు. దయ్యాల కథలు లేని బాల్యం ఏం బాల్యం? ఇది హంతకులను తప్పించే కథ. ఆ మనుషులను ముంచింది నీరు కాదు. నీరు రావడానికి నలభై ఏళ్ళ ముందే వారు అక్కడ లేరు.

1912 సెప్టెంబరులో ఆస్కార్‌విల్ దగ్గర మే క్రో అనే పద్దెనిమిదేళ్ళ తెల్ల యువతిపై దాడి జరిగింది. కొన్నాళ్ళకు ఆమె చనిపోయింది. అనుమానంతో పట్టుకున్న రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లవాణ్ణి కమ్మింగ్ పట్టణంలో గుంపు జైలు నుంచి ఈడ్చుకొచ్చి చంపి, శవాన్ని నడిబజారులో వేలాడదీసింది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు కుర్రవాళ్ళను అక్టోబరు 25న వేలమంది చూస్తుండగా ఉరితీశారు. అంతటితో ఆగలేదు. రాత్రివేళ గుర్రాలమీద వచ్చి ఇళ్ళ మీద కాల్పులు జరిపారు, చర్చిలు తగలబెట్టారు. 1910 లెక్కల్లో 1,098 మంది ఉన్న నల్లవారిని కొద్ది వారాల్లో దాదాపు పూర్తిగా కౌంటీ దాటించారు. కొందరు వచ్చిన ధరకు పొలాలు అమ్ముకున్నారు, కొందరు ఉన్నపళంగా వదిలి పోయారు. ఈ సంగతులన్నీ ఇక్కడే పెరిగిన కవి ప్యాట్రిక్ ఫిలిప్స్ 2016లో ఒక పుస్తకంగా రాశాడు.

దయ్యం కథలో ఇవేవీ ఉండవు. గుంపు ఉండదు, భూమి చేతులు మారడం ఉండదు. నీరొచ్చింది, ఊరు మునిగింది, ఎవరిదీ తప్పు కాదు. చచ్చినవారే మనల్ని పట్టి లాగుతారు, మనం వారిని చూసి భయపడతాం. ఎంత సౌకర్యమైన తలకిందులో చూడండి!

"మనం నిన్నగాక మొన్న వచ్చాం, ఆ పాపంలో మనకేం వాటా?" అని మిత్రులు అడుగుతారు. పాపంలో వాటా లేదు, నిజమే. ఫలంలో ఉంది. 1987 జనవరి 17న హోసియా విలియమ్స్ నాయకత్వంలో వందమంది కూడా లేని ఒక చిన్న ఊరేగింపు ఈ కౌంటీలో నడవబోతే రాళ్ళూ సీసాలూ విసిరి తరిమారు. వారం తిరగగానే 24న సుమారు ఇరవైవేలమంది వచ్చి నడిచారు. మన చర్మం రంగు తెల్లన కాదు. ఇవాళ మనం ఈ నేల మీద ఇల్లు కొనుక్కుని, ఆ ఇంటి ముందు ముగ్గు వేసుకుంటున్నామంటే, ఆ రాళ్ళదెబ్బలు తిన్నవారు తెరిచిన దారిన వచ్చినందువల్లనే. మనల్ని ఈ దేశానికి రానిచ్చిన 1965 వలస చట్టం కూడా పౌరహక్కుల పోరాటం నడిచిన ఆ రోజులదే.

ఇంకొక కారణం ఉంది. అది మన ఊరిది. నీరు ఎవరిది, ఊరు ఎవరిది అన్న ప్రశ్న మనకు అమెరికాలో కొత్తగా ఎదురైనది కాదు. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. తక్కినవారు ఊరు విడిచి చీరాలకు చేరారు. ఫోర్సైత్ కథ వింటూ "అమ్మో, ఎంత ఘోరం!" అని ముక్కున వేలేసుకునే మనం, మన ఊరి చెరువు సంగతి పిల్లలకు ఎన్నడైనా చెప్పామా? సెలవుల్లో ఊరికి తీసుకువెళ్ళి గుడీ గోపురమూ చూపిస్తాం. ఊరికి ఆ పక్కనున్న పేటకు మాత్రం దారి చూపించం.

ఒక నేల సంస్కృతి అంటే దాని తిండి, ఎండ, మర్యాద మాత్రమే అనుకుంటే ఉడికిన వేరుశెనగకాయలతో మన పని పూర్తయినట్టే. అక్కడివారి జ్ఞాపకం కూడా మనకు పంచుకోవలసిన వంతే అని నా అభిప్రాయం. సరస్సుకు వెళ్ళవద్దని నేననడం లేదు. వెళ్ళండి, లైఫ్‌జాకెట్ మాత్రం మరవకండి. ఆ నీటిలో మనుషులు మునిగేది లోతును తక్కువ అంచనా వేసినందువల్ల, దయ్యాల వల్ల కాదు.

వెళ్ళే దారిలో కమ్మింగ్ నడిబొడ్డున ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో 2021లో నిలిపిన స్మారక ఫలకం ఉంది. పిల్లల చేత చదివించండి. చదివాక వాళ్ళు మీవైపు తిరిగి, "మన ఊళ్ళో కూడా ఇలా ఎవరినైనా వెళ్ళగొట్టారా?" అని అడగవచ్చు. జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళండి.