పాడుబడ్డ రైలు కార్ఖానా

పాడుబడ్డ కట్టడాలను వెదకి వెళ్ళి ఛాయాచిత్రాలు తీసుకొని రావడం ఈనాటి యువతరంలో ఒక అభిరుచిగా ప్రబలింది. కోటలూ దివాణాలే కాక, మూతపడిన మిల్లులు, గనులు, రైలు ఇంజన్లను బాగుచేసే కార్ఖానాలు కూడా ఈ అన్వేషకులను ఆకర్షిస్తున్నాయి. పైకప్పు చిల్లుల నుండి జారే ఎండ, తుప్పు పట్టిన క్రేను, పట్టాల మధ్య మొలిచిన చెట్టు - ఇవన్నీ కంటికి ఇంపుగానే ఉంటాయి. ఆ అందాన్ని నేను కాదనను. అయితే కార్ఖానా అనేది పనిచోటు. అక్కడ తీసిన చిత్రంలో పని జాడ కనిపించకపోతే, అది ఎంత అందమైనదైనా సగం అబద్ధమే అని నా అభిప్రాయం.

ఇందుకు ఇంగ్లండులోని స్విండన్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొందాం. లండన్ నుండి బ్రిస్టల్‌కు పట్టాలు వేసిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే సంస్థ, ఇంజన్ల మరమ్మతు కోసం 1843లో అక్కడ ఒక కార్ఖానాను తెరిచింది. మూడేళ్ళకే అక్కడ కొత్త ఇంజన్ల తయారీ కూడా మొదలైంది. చిన్న సంతవూరు పెద్ద పట్టణమైంది. మంచి రోజులలో పధ్నాలుగు వేల మందికి పైగా అక్కడ పనిచేశారు. 1847లోనే కార్మికుల వైద్యం కోసం ఒక సహాయనిధి ఏర్పడింది. బ్రిటన్‌లో ప్రభుత్వం 1948లో ప్రజలందరికీ వైద్యసేవను ప్రారంభించినప్పుడు, దానికి ఈ నిధి ఒక నమూనాగా నిలిచిందని చెబుతారు. పనివేళలను తెలిపే ఆవిరి కూతే ఆ ఊరికి గడియారం. ఆ కూత తన నిద్ర చెడగొడుతున్నదని 1870వ దశకంలో పొరుగున ఉన్న బోలింగ్‌బ్రోక్ ప్రభువు ఫిర్యాదు చేశాడు. ప్రభువుగారి ఫిర్యాదు చరిత్రలో ఒక తమాషాగా మిగిలింది. కూత మాత్రం 1986 దాకా మోగుతూనే వచ్చింది.

బ్రిటిష్ రైల్వే కోసం తయారైన చివరి ఆవిరి ఇంజను 1960లో ఈ కార్ఖానా నుండే వెలువడింది. దానికి సాయంకాలపు చుక్క అని అర్థం వచ్చే ‘ఈవెనింగ్ స్టార్’ అన్న పేరు పెట్టారు. మన చిత్తరంజన్ కార్ఖానా 1970లో తయారుచేసిన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను పేరు ‘అంతిమ్ సితారా’. ఇనుముతో పనిచేసేవారికి కవిహృదయం ఉండదని ఎవరన్నారు?

1986లో స్విండన్ కార్ఖానా మూతపడింది. నూట నలభై మూడేళ్ళు మోగిన చోట నిశ్శబ్దం ఆవరించింది. కొన్ని శాలలను కూల్చివేశారు. మిగిలిన వాటిలో కొంత భాగం 1997లో దుకాణాల సముదాయంగాను, మరికొంత 2000లో రైల్వే మ్యూజియంగాను మారాయి. కొలిమి మండిన చోట చొక్కాలు అమ్మడం కొందరికి రుచించదు. కూలిన గోడ కన్న నిలిచిన గోడ మేలని నేను భావిస్తాను. అంతకన్న చెప్పుకోదగిన సంగతి మరొకటి ఉంది. ప్రాచీన కట్టడాల వివరాలను నమోదుచేసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈ కార్ఖానాను పరిశీలించి, 1995లో ఒక గ్రంథాన్ని ప్రకటించింది. దేశమంతటి కట్టడాల చిత్రాలనూ పటాలనూ భద్రపరచే జాతీయ భాండాగారం 1994లో స్విండన్‌కే తరలివచ్చి, ఈ కార్ఖానా పాత కార్యాలయ భవనంలోనే కొలువుతీరింది. ఛాయాచిత్రానికి ఇంతకన్న తగిన ఇల్లు దొరకదు.

శిథిలాన్ని ఎలా చూపాలో మన పూర్వకవులకు బాగా తెలుసు. రఘువంశం పదహారవ సర్గలో, జనం విడిచిపోయిన అయోధ్యానగరి స్త్రీరూపంలో అర్ధరాత్రి కుశుని ముందు నిలిచి తన దుస్థితిని చెప్పుకొంటుంది. కాళిదాసు అక్కడ కేవలం పాడుబడిన నగరాన్ని వర్ణించి ఊరుకోలేదు. ఒకప్పుడు అందెలు ఘల్లుమన్న వీధిలో ఇప్పుడు నక్కలు మాంసం కోసం తిరుగుతున్నాయి. జలక్రీడలాడే స్త్రీల చేతుల తాకిడికి మృదంగంలా పలికిన దిగుడుబావి నీరు, ఇప్పుడు అడవిదున్నల కొమ్ముల పోట్లకు ఆక్రోశిస్తున్నది. లత్తుక పూసిన పాదాలు మోపిన మెట్లపై పులుల నెత్తుటి అడుగులు పడుతున్నాయి. ప్రతి వర్ణనలోను నిన్న ఒకటి, నేడు ఒకటి. నిన్న అక్కడ ఎవరు ఏమి చేశారో తెలియనిదే నేటి శూన్యం మనస్సును తాకదు. అందుకే ఆ మాటలు విన్న కుశుడు అయోధ్యకు తరలివెళ్ళి, శిల్పులను నియమించి నగరాన్ని మళ్ళీ నిలబెట్టాడు. కెమెరా పట్టినవారు నేర్వవలసిన విద్య ఈ సర్గలో ఉంది. క్రేను కొక్కెం చిత్రంలో పడితే చాలదు. అది ఏ బరువు ఎత్తింది? దాని కింద ఎవరు నిలబడ్డారు?

స్విండన్‌లో అలా నిలబడినవారిలో ఒకడు ఆల్ఫ్రెడ్ విలియమ్స్. పేదకుటుంబంలో 1877లో పుట్టి, పదిహేనేళ్ళ ప్రాయంలో కార్ఖానాలో చేరి, ఆవిరి సమ్మెట దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. పగలంతా కాలిన ఇనుముతో పెనగులాట, రాత్రి చదువు. లాటిన్, గ్రీకు భాషలను సొంతంగా నేర్చుకొన్నాడు. గ్రీకు అక్షరాలను తన యంత్రం మీదే సుద్దతో రాసి వల్లెవేసుకొనేవాడని చెబుతారు. ఆరోగ్యం చెడి 1914లో పని మానుకొన్నాడు. మరుసటి ఏడు కార్ఖానా జీవితాన్ని గురించి ఆయన రాసిన పుస్తకం వెలువడింది. అందులోని వేడి, పొగ, పైఅధికారుల కాఠిన్యం సంస్థ తీయించిన ఏ చిత్రంలోను కనిపించవు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడుగా మన దేశానికి వచ్చి వెళ్ళిన తరువాత, ఆయన సంస్కృతం నేర్చి పంచతంత్ర కథలను ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పుస్తకం 1930లో వచ్చింది; ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే. చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా మనం చిన్ననాడే ఎరిగిన మిత్రలాభ, మిత్రభేద కథలను ఒక సమ్మెట కార్మికుడు అంత దూరాన కూర్చొని అక్షరమక్షరం కూడబలుక్కొన్నాడన్న మాట. ఆ శాలలో నిలిచి చిత్రం తీసేవానికి ఈ సంగతి తెలిస్తే, కెమెరాను వేరే చోటికి తిప్పుతాడని నా నమ్మకం.

ఆ రోజులలో ఇంగ్లండు రైల్వే సంస్థలు కొత్త ఇంజనుకు ఛాయాచిత్రం తీయించేముందు, వివరాలు స్పష్టంగా పడాలని దానికి బూడిదరంగు పూయించేవి. ఇంజను మీద అంత శ్రద్ధ! దానిని చేసిన చేతులు చిత్రంలో పడినా పేర్లు నమోదైన సందర్భాలు అరుదు.

ఇక ఇటువంటి చోట్లకు వెళ్ళడంలో ఉన్న ప్రమాదం. బాయిలర్లకు వేడి పోకుండా చుట్టిన ఆస్బెస్టాస్ నారధూళి ఊపిరితిత్తులలో చేరి, దశాబ్దాల తరువాత క్యాన్సరుగా బయటపడుతుంది. స్విండన్‌లో ఎందరో కార్మికులు ఆ విధంగా మరణించారు. అక్కడ దానికి ‘స్విండన్ జబ్బు’ అన్న పేరే వచ్చింది. పాత శాలలో ఒక రేకు కదిలిస్తే ఆ ధూళి నేడూ లేస్తుంది. పుచ్చిన పైకప్పులు, మూతలేని గుంతలు సరేసరి. మన దేశంలో అనుమతి లేకుండా రైల్వే స్థలంలో ప్రవేశించడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దొంగచాటుగా గోడ దూకడంలో సాహసం ఉందని కొందరు మురిసిపోతారు. గోడ దూకినవానికి గోడలే కనిపిస్తాయి. అనుమతి అడిగి, తెలిసినవారిని వెంటబెట్టుకొని వెళ్ళినవానికి అక్కడ పని ఎలా సాగిందో వినే అవకాశం దొరుకుతుంది.

మన ప్రాంతంలో నిజాం రైల్వే కాలంలో 1893లో మొదలైన లాలాగూడ కార్ఖానా ఇప్పటికీ పనిచేస్తున్నది. అది మన అదృష్టం. కాని ఆవిరి ఇంజన్లు పోవడంతో బొగ్గు షెడ్లు, ఇంజన్లకు నీరు పట్టే స్తంభాలు పనిలేనివయ్యాయి. 1992లో పట్టాలన్నింటినీ ఒకే వెడల్పుకు మార్చే పథకం ఊపందుకొన్నాక, మీటరుగేజి మీద ఆధారపడిన చిన్న చిన్న షెడ్లెన్నో అలాగే నిరుపయోగమయ్యాయి. వాటి చిత్రాలను పదిలపరచడం ఇంగ్లండులో వలె ప్రభుత్వమే చేయాలని చూస్తూ కూర్చుంటే గోడలు ఆగవు. ఇప్పుడు మీలో చాలామంది చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది. మీ ఊరి స్టేషను దగ్గర అటువంటి షెడ్డు ఉంటే స్టేషను మాస్టరుగారిని అనుమతి అడగండి. ఆ వీధిలోనే ఒక ఫిట్టరు తాతగారో, ఫైర్‌మన్‌గా పనిచేసిన పెద్దాయనో ఉంటారు. ఆయనను కూర్చోబెట్టి, తీసిన చిత్రం చూపించి, ఈ గుంతలో ఏమి చేసేవారండీ, ఈ కొక్కేనికి ఏమి వేలాడేదండీ, పొద్దున కూత ఎన్నింటికి వేసేవారండీ అని అడగండి. ఆయన చెప్పినది ఆయన మాటలలోనే, ఆయన పేరుతో సహా, చిత్రం వెనుక రాసి తేదీ వేయండి.