సిండికేట్ల మీద చట్టం ఉంది, ప్రభుత్వాలు కదలాలి!

రైతులారా, చిన్న వ్యాపారులారా, పైసా పైసా కూడబెట్టి ఇల్లు కట్టుకుంటున్న వారలారా!

2006 మొదట్లో బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ ధర 1,600 రూపాయల పైమాటే. ఆ 450 గ్రాముల గింజల మీద 1,250 రూపాయలు టెక్నాలజీ ఫీజు కిందే పోయేవి. విత్తన కంపెనీలు ఎన్ని ఉన్నా టెక్నాలజీ మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండేది. అడిగినంతా కట్టాల్సిందే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊరుకోలేదు. గుత్తాధిపత్యాన్ని అరికట్టే నాటి ఎంఆర్‌టీపీ చట్టం కింద పనిచేసే కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఫీజు తగ్గించాలని మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా ఖరారు చేసింది. టెక్నాలజీ చేతిలో ఉన్న కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే రాలేదు.

ధర తగ్గిస్తే విత్తనమే దొరకదని బెదిరించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 750కి దించాక బీటీ విత్తనం బజారులోంచి మాయం కాలేదు, సాగు ఇంకా పెరిగింది.

ఆ పాత చట్టం స్థానంలో ఇప్పుడు 2002 నాటి పోటీ చట్టం, దాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఉన్నాయి. పెద్దగా ఎదగడాన్ని ఈ చట్టం తప్పు పట్టదు. ఎదిగిన బలంతో ఎదుటివాడి గొంతు నొక్కడాన్ని, పోటీదారులు కుమ్మక్కై ధర నిర్ణయించడాన్ని తప్పంటుంది. అమ్మే ధరకే కాదు, కొనే ధరకూ ఇదే నియమం. మార్కెట్ యార్డులో పత్తి, మిర్చి కొనేవాళ్లు ముందే మాట్లాడుకుని రేటు పడగొడితే అదీ ఈ చట్టం కిందికే వస్తుంది.

'ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు?' అనుకోకండి. వినియోగదారుల ప్రయోజనం, బజారులో మిగతావారి వ్యాపార స్వేచ్ఛ, ఈ రెండూ చట్టం పీఠికలోనే ఉన్నాయి. సంపద కొద్దిమంది దగ్గర పోగుపడి జనానికి చేటు కాకూడదని రాజ్యాంగం 39వ అధికరణ చెబుతోంది. అంటే చూడాల్సింది చవక ఒక్కటే కాదు. అదొక్కటే కొలమానమైతే, చిన్న కొట్లు మూతపడేదాకా నష్టానికి అమ్మి, ఆనక ధర పెంచేవాడూ మంచివాడే అవుతాడు.

మరి లోపం ఎక్కడుంది? సిమెంట్ కేసు చూడండి. 2012లో 11 కంపెనీలు కుమ్మక్కయ్యాయని కమిషన్ తేల్చి, సుమారు 6,300 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. కేసు తిరిగి కమిషన్ దగ్గరికే వచ్చింది. 2016లో మళ్లీ జరిమానా పడింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని సమర్థించింది. ఆపైన వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. జరిమానా వసూలైనా ఆ సొమ్ము చేరేది కేంద్ర ఖజానాకే. నష్టపోయినవారు పరిహారం కోసం వేరే దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ తప్పు రుజువయ్యాకే. బస్తాకు ఇన్ని రూపాయలు ఎక్కువిచ్చానని నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నవాడు ఢిల్లీలో వకీలును పెట్టుకోగలడా?

ఆ పని ప్రభుత్వం చెయ్యగలదు. 19వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వమే కమిషన్‌కు నివేదించవచ్చు. 53ఎన్ సెక్షన్ కింద పరిహారమూ కోరవచ్చు. అధికారం చేతిలో ఉంది, వాడడమే తరువాయి. అందుకే మా డిమాండ్లు:

1. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు చెరొక ప్రత్యేక విభాగం పెట్టాలి. విత్తనాలు, ఎరువులు, సిమెంట్ ధరల మీద, యార్డు వేలాల మీద, ప్రభుత్వ టెండర్ల మీద అది కన్నేసి ఉంచాలి. కుమ్మక్కు అనుమానం వస్తే తానే కమిషన్‌కు వెళ్లాలి.

2. తప్పు రుజువైన ప్రతి కేసులో నష్టపోయిన జనం కోసం ప్రభుత్వమే పరిహారం రాబట్టాలి.

3. కేంద్రం చట్టాన్ని సవరించి అప్పీళ్లకు గట్టి గడువు పెట్టాలి. జరిమానాలో కొంత భాగాన్ని బాధితుల నిధికి మళ్లించాలి.

4. మండల స్థాయిలో తెలుగులోనే ఫిర్యాదు తీసుకుని పైకి పంపే ఏర్పాటు చెయ్యాలి.

విత్తనం కొన్నా, సిమెంట్ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి, దాచుకోండి. యార్డులో ఇచ్చే అమ్మకం చీటీ (తక్‌పట్టీ) పారెయ్యకండి. రేపు సాక్ష్యాలు అవే. ఈ నాలుగు డిమాండ్లతో గ్రామసభలో తీర్మానం చెయ్యండి, దాని నకలు మీ ఎమ్మెల్యే చేతికివ్వండి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను దీని మీద ఏం చేస్తారో నిలదీయండి!