నేల కింది గొట్టాలకు కావలి



వంటయింట్లో గ్యాసు ఇసుమంత బయటికి వస్తే చాలు, అమ్మ వాసన పట్టి, "పొయ్యి కట్టారా లేదా?" అని కేక వేస్తుంది గదా! నిజానికి ఆ గ్యాసుకు తనదంటూ చెప్పుకోదగిన వాసన లేదు. మన ముక్కుకు తగిలే ఆ చెడు వాసన మెర్కాప్టాన్ అనే జాతి పదార్థానిది. మనకు తెలియాలనే దానిని కొద్దిగా కలుపుతారు.

ఈ అలవాటు వెనుక ఒక విషాదగాథ ఉన్నది. 1937 మార్చి 18వ తేదీన, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి బడిలో సహజవాయువు కారి నేల కింది ఖాళీ చోట నిండింది. వాసన లేదు గనుక ఎవరూ కనిపెట్టలేదు. ఎక్కడో ఒక నిప్పురవ్వ లేచింది. బడి కూలిపోయి దాదాపు 300 మంది పిల్లలూ పంతుళ్ళూ మరణించారు. ఆ తరవాతనే గ్యాసులో వాసన కలిపి తీరాలని అక్కడ చట్టం చేశారు.

చట్టం మంచిదే. కాని అది ప్రాణాలు పోయిన తరవాత వచ్చింది. ముప్పును ముందే పసికట్టే దారి లేదా? ఉన్నది. దాని పేరు పరిశోధన. ఆ పరిశోధనకు డబ్బు ఎవరివ్వాలి అన్నది ఈ నెల మన ప్రశ్న.

అమెరికాలో గ్యాసునూ చమురునూ మోసే గొట్టాల పొడవు 40 లక్షల కిలోమీటర్లకు పైమాటే. భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. అంటే ఆ గొట్టాలన్నీ వరసగా పరిస్తే భూమిని ఎన్నిసార్లు చుట్టవచ్చునో మీరే లెక్క కట్టండి. వాటిలో చాలా భాగం నేల కింద ఉన్నది. కంటికి కనిపించని దానిని కాపాడడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఉక్కు గొట్టానికి రెండు పెద్ద చిక్కులున్నాయి. ఒకటి తుప్పు. తడీ గాలీ తగిలితే ఉక్కు కొద్దికొద్దిగా తరిగిపోతుంది. రెండవది అతుకు. అతుకు సరిగా లేకపోతే ఏళ్ళ తరబడి ఊరుకుని, ఒకనాడు తటాలున విచ్చుకుంటుంది. 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో జరిగింది ఇదే. 1956లో వేసిన 30 అంగుళాల గ్యాసు గొట్టం అతుకు దగ్గర పగిలి, మంటలు లేచి, 8 మంది చనిపోయారు. 38 ఇళ్ళు నాశనమైనాయి. గ్యాసు రాకుండా ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. ఇంకొక వింత వినండి. కంపెనీ దస్తరాలలో అది అతుకు లేని గొట్టమని రాసి ఉన్నది! కాగితంలో లేని అతుకును ఎవరు పరీక్షిస్తారు?

గొట్టం లోపలి సంగతి తెలుసుకునేందుకు ఒక యంత్రం ఉన్నది. దాని ముద్దుపేరు 'పిగ్', అనగా పంది. గ్యాసు తోపుడుకు అది గొట్టంలో పరుగెత్తుతుంది. ఒక రకం పిగ్‌లో బలమైన అయస్కాంతాలుంటాయి. గొట్టపు గోడ దళసరిగా ఉన్నచోట అయస్కాంత శక్తి ఉక్కులోనే ఇమిడి సాగుతుంది. తుప్పు తినివేసి పలచబడిన చోట కొంత బయటికి పొంగుతుంది. ఆ పొంగును పసికట్టి యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. అయితే మలుపులు మరీ ఇరుకుగా ఉన్నచోటా, గొట్టపు వెడల్పు మారేచోటా పిగ్ నడవలేదు. శాన్ బ్రూనో గొట్టంలోనూ దానికి దారి లేదు.

ఇటువంటి చిక్కుల దగ్గరే విశ్వవిద్యాలయాలు అక్కరకు వస్తాయి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 'ఎక్స్‌ప్లోరర్' అనే రోబోను తయారుచేశారు. అది చిన్న రైలుబండిలా కీళ్ళు కీళ్ళుగా ఉండి, గ్యాసు పారుతున్న గొట్టంలోనే పాకుతూ మలుపులు తిరుగుతుంది. దానికి అక్కడి ప్రభుత్వ ఇంధన శాఖ కూడా డబ్బిచ్చింది.

"గొట్టాలు కంపెనీలవి గదా, ఖర్చూ వాళ్ళే పెట్టుకోరాదా?" అని మీ నాన్నగారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేపే పనికివచ్చే పనిముట్టు అయితే కంపెనీ డబ్బు పెడుతుంది. పదేళ్ళకు ఫలిస్తుందో, అసలు ఫలించదో తెలియని పనికి డబ్బు పెట్టడానికి వెనుకాడుతుంది. పైగా, ఒకరు కనిపెడితే అందరికీ లాభం కలిగే చోట, ఎదుటివాడు కనిపెట్టనీ అని ప్రతివాడూ కాచుకుని కూర్చుంటాడు. ఊరి చెరువు పూడిక తీసే పని వంటిదే ఇది. అందరిదీ అయిన పనికి అందరి తరఫున ఒకరు పూనుకోవాలి.

అమెరికాలో గొట్టాల భద్రత చూసే ప్రభుత్వ శాఖను పి.హెచ్.ఎం.ఎస్.ఎ. అంటారు. 2004లో చేసిన చట్టం ద్వారా అది ఏర్పడింది. ఆ శాఖ 2013లో, విశ్వవిద్యాలయాల కోసమే ఒక పథకం ఆరంభించింది. పంతుళ్ళు ఏ చిక్కును ఎలా విప్పగలరో రాసి పంపాలి. పోటీలో నెగ్గినవారికి డబ్బు ఇస్తారు. నార్త్ డకోటా స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఉక్కు మీద లోహపు పూతను వేడిగా చిమ్మి, ఆ పూతలో సన్నని గాజు పోగులు అమర్చి, తుప్పు మొదలుకాగానే కబురు తెలిసే ఉపాయం మీద ఈ పథకం కింద పనిచేశారు. పనిలో విద్యార్థులు పాలుపంచుకోవాలని కూడా పథకం ఉద్దేశం. నేడు ప్రయోగశాలలో తుప్పును చదివిన పిల్లవాడే గదా రేపు గొట్టాలను తనిఖీ చేసే ఇంజనీరు!

ఇక ఆ శాఖ గొట్టాల పనులకు డబ్బు ఎక్కడిది? చాలా భాగం గొట్టాల కంపెనీల నుంచే రుసుముగా వసూలవుతుంది. పెద్ద గొట్టాల వారికి, ఎన్ని మైళ్ళ గొట్టం ఉంటే ఆ లెక్కన రుసుము. కనుక కంపెనీలు ఖర్చు భరించకుండా పోవడం లేదు. ఆ డబ్బు దేనికి వాడాలన్నది మాత్రం ప్రజల తరఫున ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

పరిశోధనలన్నీ ఫలిస్తాయా? ఫలించవు. అయినా, ఈ దారి మూసుకుపోయిందని తెలియడం కూడా విద్యే. తరవాతివాడు అటు పోయి కాలం వృథా చేసుకోడు.

ఈ సంగతి ఎక్కడో దూరదేశపుదని అనుకోకండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలో, నగరం అనే గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి 20 మందికి పైగా చనిపోయారు. గ్యాసుతో కూడ వచ్చిన నీరు గొట్టంలో చేరి, లోపలి నుంచి ఉక్కును తినివేసిందని విచారణలో తేలింది. తుప్పుకు మన దేశమనీ, పరాయి దేశమనీ లేదు. ప్రమాదం జరిగితే పత్రికలన్నీ రాస్తాయి. జరగకుండా ఆగిన ప్రమాదం గురించి రాసేవారుండరు. అందుకే ఇటువంటి పనికి డబ్బు అడిగేటప్పుడు పెద్దలకు అది దండుగలా తోస్తుంది.

ఇప్పుడు మీరూ ఒక చిన్న పరిశోధన చేయండి. రెండు గాజు గ్లాసులలో ఉప్పునీరు పోయండి. రెండు ఇనుప మేకులు తీసుకుని, గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేయండి. ఒక మేకును ఊరికే ఒక గ్లాసులో వేయండి. రెండవదానికి జింకు పూత పూసిన తీగను గట్టిగా చుట్టి రెండవ గ్లాసులో వేయండి. వారం రోజులు, రోజూ ఒకే వేళకు చూసి, చూసింది చూసినట్లు నోటుపుస్తకంలో రాయండి. ఏ మేకు ముందు ఎర్రబడింది? జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. నేల కింది గొట్టాలను కాపాడే పద్ధతులలో ఇదీ ఒకటి. వారం గడిచాక ఆ పుస్తకం మీ నాన్నగారికి చూపించి, ఆయన వేసిన ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి.