రోజూ వచ్చే ఫైలును చేత్తో అతికించొద్దు

రోజూ ఒకే తీరులో, కొత్త అంకెలతో వచ్చే టెక్స్ట్ ఫైలును ఎక్సెల్‌లోకి ఎక్కించడాన్ని చాలా ఆఫీసుల్లో ఆలోచన అక్కర్లేని పనిగా చూస్తారు. డబుల్ క్లిక్ కొట్టి తెరవడం, అంతా కాపీ చేసి నిన్నటి షీటులో పేస్ట్ చేయడం. లెక్కలు చెడేది సరిగ్గా అక్కడే. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైలును నేరుగా తెరిస్తే ఏ కాలమ్‌లో ఏముందో ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. 00451 అనే ఖాతా నంబరు 451 అవుతుంది. సంఖ్యలో 15 అంకెల వరకే నిలుస్తాయి గనక 16 అంకెల నంబరులో చివరిది సున్నాగా మారుతుంది. సేవ్ చేశాక ఆ ఫైలులో అసలు అంకె ఇక దొరకదు. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04/2024 మార్చి 4 అయి కూర్చుంటుంది, 13/04/2024 మాత్రం తేదీగా మారకుండా ఉత్త అక్షరాలుగా మిగులుతుంది. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తే కనీసం చూడగానే తెలుస్తుంది, అంకెల్లో, తేదీల్లో వచ్చే ఈ తప్పులు మాత్రం కంటికి ఆనవు. జన్యు శాస్త్రవేత్తలకూ ఈ బెడద తప్పలేదు: సెప్ట్1, మార్చ్1 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి 2020 నాటికి నామకరణ కమిటీ ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది.

అందుకే ఈ పనికి ఒక్కసారి కూర్చుని దారి వేయాలి. ఉదాహరణకు, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ రోజువారీ ఎన్ఏవీలను (ఫండ్ యూనిట్ల విలువలను) టెక్స్ట్ ఫైలుగా అందరికీ అందుబాటులో పెడుతుంది. స్కీము కోడ్, ఐసిన్ అనే గుర్తింపు నంబర్లు, పేరు, ఎన్ఏవీ, తేదీ అన్నీ సెమీకోలన్లతో విడదీసి ఉంటాయి. నడుమ నడుమ ఫండ్ సంస్థల పేర్లు, ఖాళీ వరుసలు వస్తాయి. పేస్ట్ చేస్తే మామూలుగా అంతా ఒకే కాలమ్‌లో పడుతుంది. అదే డేటా ట్యాబ్ నుంచి లింకు ఇచ్చి, సెమీకోలన్ దగ్గర విడగొట్టమని, కోడ్‌ను అక్షరాలుగానే ఉంచమని, ఎన్ఏవీ లేని వరుసలు తీసేయమని ఒకసారి చెబితే మర్నాటి నుంచి రిఫ్రెష్ నొక్కడమే మిగులుతుంది. ఇందుకు కావలసిన పవర్ క్వెరీ అనే సాధనం 2016 నుంచి ఎక్సెల్‌లోనే ఉంది. ఒక్క జాగ్రత్త: అదీ మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకాలను ఊహిస్తుంది. ఆ ఊహను తీసేసి రకాలు మనమే నిర్ణయించాలి. నేర్పడానికి సిబ్బందికి తీరికేదని అడుగుతారు. పేస్ట్ చేసి, విడగొట్టి, సరిదిద్దే పనికి రోజూ పోతున్న సమయం ముందు ఒక పూట శిక్షణ ఎంత?

తనంతట తాను నడిచేదాన్ని ఎవరూ పట్టించుకోరు, తప్పు రోజుల తరబడి దాగుతుంది అనే అభ్యంతరం మాత్రం బలమైనదే. 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది అదే. కొవిడ్ పరీక్షల ల్యాబులు పంపిన సీఎస్‌వీ ఫైళ్లను చేర్చే ఆటోమేటిక్ ఏర్పాటు పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌ను వాడింది. ఆ షీటులో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ఆ రోగులతో మెలిగినవారిని వెతికి హెచ్చరించడం ఆలస్యమైంది. అయితే చేత్తో చేసినా ఆ షీటులో అన్ని వరుసలు పట్టేవి కావు. అక్కడ కొరవడింది సరిచూసుకోవడం. ఫైలులో వచ్చిన వరుసలెన్ని, షీటులో చేరినవెన్ని అని పక్కపక్కన రెండు గడుల్లో కనబడితే, తేడా వచ్చిన మొదటి రోజే ఎవరో ఒకరు ఆగి చూసేవారు.

ఆ లెక్క నమ్మదగ్గది కావాలంటే ఫైలు పంపేవారే వరుసల సంఖ్యను విడిగా చెప్పాలి. తేదీని 2024-04-03 తీరులో రాయాలి. కాలమ్ పేరు మార్చేముందు వాడేవారికి కబురు పెట్టాలి. రోజూ సమాచారం విడుదల చేసే ప్రతి ప్రభుత్వ శాఖా, ప్రతి బ్యాంకూ వీటిని రాతపూర్వక నిబంధనగా పెట్టుకోవాలి.