కానాగంతకు జపాన్ పులుపు

చేపల పులుసు ఎప్పుడు తినాలి? కోనసీమలో ఎవరినడిగినా ఒకటే జవాబు... ‘మర్నాడండీ, ఆయ్!’ పొయ్యి మీంచి దింపిన పూట కన్నా, దాకలో రాత్రంతా ఊరి ముక్కకు పులుపూ కారం పట్టాకే దాని అసలు రుచి. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడైనా ఇదే తీర్పు. విశేషమేమిటంటే, సముద్రాలవతల ఉన్న జపాన్ వాళ్లకూ ఈ కిటుకు తెలుసు. వాళ్ల ‘నంబన్‌జుకె’ కూడా ఊరితేనే రుచి. మనం చేపను పులుసులో ఉడికిస్తాం. వాళ్లు వేయించిన చేపను పులుపులో నానబెడతారు. అంతే తేడా!

పేరు వెనక కథ

1543లో పోర్చుగీసు వాళ్లు తొలిసారి జపాన్ తీరం చేరారు. దక్షిణం వైపు నుంచి ఓడల్లో వచ్చిన ఆ తెల్లవాళ్లకు జపనీయులు పెట్టిన పేరు ‘నంబన్’... అంటే దక్షిణాది అనాగరికులు! ‘జుకె’ అంటే నానబెట్టింది. వేయించిన చేపను వెనిగర్‌లో ఊరబెట్టడం పోర్చుగల్, స్పెయిన్ దేశాల అలవాటు. దానికి జపాన్ వాళ్లు తమ సోయా సాస్ కలిపి సొంతం చేసుకున్నారు. ఇందులో వేసే ఎండుమిర్చి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. మన దేశానికి మిరప తెచ్చిందీ ఆ పోర్చుగీసు వాళ్లే. ఆ లెక్కన మన పులుసుకూ, వాళ్ల నంబన్‌జుకెకూ దూరపు చుట్టరికం ఉన్నట్టే!

పులస అక్కర్లేదు

‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అంటారు గానీ, ఈ వంటకు అంత ఖర్చు పెట్టక్కర్లేదు. చిన్న కానాగంతలు చాలు. నెత్తళ్లయినా సరే. పిల్లలకు ముళ్ల భయం ఉంటే పండుగప్ప, వంజరం ముక్కలు తీసుకోవచ్చు. సన్న ముళ్లు బాగా వేగి, పులుపులో ఊరాక మెత్తబడతాయి.

జపాన్‌లో పులుపు నీళ్లకు ‘దాషి’ అనే చారు కలుపుతారు. దీన్ని సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టిన చేపతోనూ కాస్తారు. ఎండు చిన్నచేపలతో కాచే రకమూ ఉంది. మనకు ఎండు నెత్తళ్లకు కొదవా? పది నెత్తళ్ల తలలు, పొట్టలు తీసేసి, గ్లాసున్నర నీళ్లలో అరగంట నానబెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు కాచి వడకడితే సరి.

చేసే విధానం

అరకిలో చేపలను పొలుసు, పొట్ట తీసి, కళ్లుప్పుతో రుద్ది కడగాలి. తడి పూర్తిగా ఒత్తేయడం ముఖ్యం. లేకపోతే నూనె చిందుతుంది, చేప కరకరలాడదు. కాస్త ఉప్పు చల్లి, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి సమంగా కలిపి పల్చగా అద్ది, ఎర్రగా వేయించాలి.

ఒక గిన్నెలో నెత్తళ్ల చారు 150 మిల్లీలీటర్లు, వెనిగర్ 100 మిల్లీలీటర్లు, సోయా సాస్ 3 పెద్ద చెంచాలు, పంచదార 2 పెద్ద చెంచాలు, తుంచిన ఎండుమిర్చి రెండు వేసి ఒక్క పొంగు రానివ్వాలి. వాళ్లు వాడేది బియ్యం వెనిగర్. మన కొట్లలో దొరికే తెల్ల వెనిగర్ ఘాటుగా అనిపిస్తే ఇంకో చెంచా పంచదార వేసుకోండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారట్, క్యాప్సికం ఇందులో వేయాలి. చేపలు వేడిగా ఉండగానే గాజు లేదా పింగాణీ గిన్నెలో పరిచి, ఈ పులుపు పోయాలి. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. గంటలో తినొచ్చు... మర్నాటికైతే మరీ రుచి! రెండు రోజుల్లో మాత్రం ముగించేయండి.

సోయా సాస్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది. రక్తపోటు ఉన్నవాళ్లు కాస్త చూసుకుని తినాలి.

ఐసు మాట మరవద్దు

అంతర్వేది ఒడ్డున దొరికిన చేప కొత్తపేట చేరాలంటే చాలా దూరం రావాలి. కానాగంతలాంటి చేపలు ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి రావొచ్చు. చిక్కేమిటంటే, ఇది వేయించినా పోదు, వెనిగర్ పోసినా పోదు. పులుపు పడితే పాడైన చేప బాగుపడుతుందనుకోవడం ఒట్టి భ్రమ. కాబట్టి ఐసులో పెట్టి అమ్మే చేపే కొనండి. ఇంటికి తేగానే ఫ్రిజ్‌లో పెట్టండి. జపాన్‌లో పచ్చిచేపను వెనిగర్‌లో ఊరబెట్టే వంటకాలూ ఉన్నాయి. వాటి జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. చేపలో ఉండే నులిపురుగులు వెనిగర్‌కు చావవు. చెరువు చేపనైతే పచ్చిగా అసలు తినకూడదు.

ఈ వంటలో ఇంకో సుఖం కూడా ఉంది. దీన్ని చల్లగానే తింటారు, మళ్లీ వేడి చేసే పని లేదు. శనివారం రాత్రి చేసి పెట్టుకుంటే, ఆదివారం మధ్యాహ్నం వేడివేడి అన్నం వండుకుంటే చాలు. ఆ పూట వంటింటి వాళ్లకూ ఆదివారమే!