సెట్‌బౌండ్స్ భక్తులకు

“లేఅవుట్ మేనేజరని ఈ తలనొప్పంతా ఎందుకప్పా? నల్ పెట్టి సెట్‌బౌండ్స్ రాసి పారెయ్. యాడ పెట్టింది ఆడ్నే పడుంటాది!” ఈ మధ్య కోయిలకుంట్లలో ఒక పెద్దమనిషి ఇంజినీరింగ్ పిల్లలకు జావా విండోల గురించి చేసిన ఉపదేశమిది. నంద్యాలకు పోయినా, ఆళ్లగడ్డకు పోయినా ప్రాజెక్టులు చేసిపెట్టే చోట ఇదే పాట. పడుంటుంది, నిజమే. విండో పెద్దదైనా, ఫాంటు మారినా, భాష మారినా కదలక మెదలక పడుంటుంది. రోగమే అది!

విండోలో బటన్లను, లేబుళ్లను తానే కొలిచి సర్దేది లేఅవుట్ మేనేజర్. దాని చోట నల్ పెట్టి తీసేస్తే ఆ చోట్లు మనమే సెట్‌బౌండ్స్‌తో చెప్పాలి. దానికి ఇచ్చేవి నాలుగంకెలు: ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం, వెడల్పు, ఎత్తు. ‘సబ్మిట్’ అన్న ఇంగ్లీషు మాటకు సరిపోయేట్టు 80 పిక్సెళ్లిచ్చిన బటన్ మీద ‘సమర్పించండి’ అని రాసి చూడండి. మాట మధ్యలో తెగి మూడు చుక్కలు వెక్కిరిస్తాయి. ఎత్తు 20 ఇచ్చిన లేబుల్‌లో ఫాంటు కాస్త పెంచి ‘రాష్ట్రం’ అని రాస్తే కింది వత్తులు ఎగిరిపోతాయి. కోయిలకుంట్ల ఎరువుల కొట్లో బిల్లు కొట్టే మనిషికి తెలుగు తెర అక్కర్లేదని ఎవరు తేల్చారు? బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీ సైతం గది కొలిచాకే బండ కోస్తాడు. మన ఇంజినీరు తన ల్యాప్‌టాప్ కొలిచి ఊరందరికీ కోస్తాడు!

ఆ ల్యాప్‌టాప్ సంగతీ చూద్దాం. 1366×768 తెరకు 125 శాతం స్కేలింగ్ పెడితే, 2017లో వచ్చిన జావా 9 నుంచి మన ప్రోగ్రాముకు దక్కే ఎత్తు 614. అందులో టాస్క్‌బార్ వాటా పోను, 600 ఎత్తని రాసుకున్న విండోలో అడుగున ఉన్న ‘సేవ్’ బటన్ ఏమవుతుందో లెక్కలొచ్చిన వాళ్లే చెప్పాలి.

ఇక ఖాళీల గోల. రెండు ప్యానెళ్ల మధ్య ఎడం కావాలంటే ఉత్త లేబుళ్లు పెడతారు, పేరు ముందు పది స్పేసులు కొడతారు. ఎంప్టీబోర్డర్ ఉంది, రిజిడ్ ఏరియా ఉంది, ఇన్‌సెట్స్ ఉన్నాయి. తెరిచి చూసే ఓపిక ఎవరికుంది? ఏటా అదే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’, అవే అంకెలు, అవే స్పేసులు. అట్ట మీద పేరొక్కటే మారుతుంది.

లేఅవుట్ మేనేజర్లలో గ్రిడ్‌బ్యాగ్ అర్థం కాదంటారా? మిగిలిన చోటు దేనికెంతో చెప్పే వెయిట్లన్నీ సున్నా దగ్గరే వదిలేస్తే అన్నీ నడిమధ్యలో గుంపు కడతాయి. తప్పు దానిదా? నెట్‌బీన్స్ ఎడిటర్‌లో బటన్లు లాగి పడేస్తే చాలంటారా? లాగండి, కానీ అది పుట్టించిన గ్రూప్‌లేఅవుట్ కోడ్‌లో ఒక్క వరుస చేత్తో మార్చి చూపించండి.

1996లో వచ్చిన తొలి జావాలోనే బోర్డర్, ఫ్లో, గ్రిడ్ లేఅవుట్లు ఉన్నాయి. ఒకే ప్రోగ్రాము రకరకాల యంత్రాల మీద నడవాలన్న భాషకు అవి లేకుంటే కుదరదు. బయట బోర్డర్‌లేఅవుట్, నడుమ టేబుల్, అడుగున బటన్లకొక ప్యానెల్, చివర్లో విండోను సరిపడా సైజుకు తెచ్చే ప్యాక్. మొదలుపెట్టడానికి ఇది చాలు. మిగతాది చేస్తుంటే వస్తుంది.

ప్రాజెక్టు వైవాలకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఒక్క మనవి: విండో మూల పట్టుకొని లాగి చూడండి. మార్కులు ఆ తర్వాత వేయండి.